రాడ్డూ రవ్వలూ: ఇంటి షెడ్డులో వెల్డింగ్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ సొంత సరదాకి వెల్డింగ్ నేర్చుకుంటున్నవాళ్ళవి. చాలామంది మెషిన్‌నే అనుమానించారు. చదివి చూస్తే తప్పు ఇటు కరెంటు వైరులోనో, అటు ఇనుము సిద్ధం చేసుకోవడంలోనో కనబడుతోంది. మెషిన్ మార్చే ముందు ఒకసారి ఇవి చూడండి.

ప్రశ్న: 200 ఆంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొన్నాను. 12 నంబర్ రాడ్ ఫర్వాలేదు. 10 నంబర్ రాడ్ పెడితే ఒకటి రెండు నిమిషాల్లో ఎంసీబీ పడిపోతోంది. లేదంటే రాడ్ అతుక్కుపోతోంది. మెషిన్ డూప్లికేటా? (తణుకు)

జవాబు: కాకపోవచ్చు. ముందు లెక్క చూడండి. చేతి వెల్డింగ్‌లో ఆర్క్ (రాడ్ మొనకీ ఇనుముకీ మధ్య వెలిగే మంట) దగ్గర ఉండే వోల్టేజి సుమారుగా 20 + (ఆంపులు × 0.04). 10 నంబర్ రాడ్, అంటే 3.15 మి.మీ. రాడ్, 110 ఆంపుల మీద కాలిందనుకుందాం. వోల్టేజి 24.4 అవుతుంది, ఆర్క్ తీసుకునేది 2.7 కిలోవాట్లు. మెషిన్‌లో పోయే నష్టం కలిపితే 3.1 దాకా వస్తుంది. చిన్న ఇన్వర్టర్ మెషిన్ల పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.7 దగ్గర ఉంటుంది కాబట్టి గోడ నుంచి లాగేది దగ్గరదగ్గర 19, 20 ఆంపులు. మీ ఉత్తరం ప్రకారం మీరు ప్లగ్గు పెట్టింది గీజర్ కోసం పెట్టిన 16 ఆంపుల సాకెట్‌లో. ఎంసీబీ పడిపోవడం దాని ధర్మం. అదే 12 నంబర్ రాడ్ (2.5 మి.మీ.) 75 ఆంపుల మీద కాలితే గోడ నుంచి లాగేది 13 ఆంపుల లోపే. అందుకే అది ఫర్వాలేదనిపించింది.

10 నంబర్ రాడ్ తరచూ వాడేట్టయితే మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు లాగించి, 25 ఆంపుల సి-కర్వ్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. సి-కర్వ్ ఎందుకంటే, స్విచ్ వేసిన క్షణంలో లోపలి కెపాసిటర్లు ఒక్క గుటకలో కరెంటు తాగుతాయి. బి-కర్వ్ అయితే ఆ గుటకకే పడిపోవచ్చు. పాత 2.5 వైరు అలాగే ఉంచి ఎంసీబీ మాత్రం పెద్దది పెట్టడం మాత్రం చెయ్యకండి. అప్పుడు ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి కారితే ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇంటికి మంజూరైన లోడు 2, 3 కిలోవాట్లే అయితే దాన్ని కూడా పెంచుకోవాలి.

ఇక రాడ్ అతుక్కుపోవడం. మీ ఉత్తరంలో 25 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి ఉంది, కానీ వైరు ఎంత మందమో రాయలేదు. 18 ఆంపులు పారితే 2.5 చదరపు మి.మీ. వైరులో రానూ పోనూ కలిపి 7 వోల్టుల దాకా తగ్గుతుంది. 1.5 అయితే 12, బజార్లో దొరికే 1 చదరపు మి.మీ. తీగయితే 17, 18 వోల్టులు. సాయంత్రం మీ ఇంటికే 205 వోల్టులు వస్తుంటే మెషిన్‌కి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. పైగా చుట్ట విప్పకుండా వాడితే తీగ వేడెక్కి తొడుగు కరుగుతుంది. పొడవు కావాలంటే కరెంటు వైపు తీగ కాకుండా వెల్డింగ్ కేబుల్‌నే పెంచుకోండి. 25 చదరపు మి.మీ. రాగి కేబుల్ ఇంటి పనులకు సరిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా అతుక్కుంటుంటే ఎర్త్ క్లాంపు చూడండి. మెషిన్‌తో ఇచ్చే రేకు క్లాంపుల స్ప్రింగు బలహీనంగా ఉంటుంది. రంగు మీదో తుప్పు మీదో పెడితే కరెంటు సగం అక్కడే చస్తుంది. రూపాయి బిళ్ళంత చోటు మెరిసేదాకా గ్రైండ్ చేసి పట్టించండి. నాలుగు రాడ్లు కాలాక ఆపి క్లాంపు ముట్టుకోండి. వేడిగా ఉంటే దోషం అక్కడే.

డ్యూటీ సైకిల్ 60 శాతం అని రాసి ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విరామం అని అర్థం. అది మామూలుగా 40 డిగ్రీల గాలిలో కట్టిన లెక్క. మే నెలలో రేకుల షెడ్డు కింద అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టి విరామం పెంచాలి. పని అయ్యాక వెంటనే స్విచ్ తీయకండి, ఫ్యాన్ ఐదు నిమిషాలు తిరగనివ్వండి. గ్రైండింగ్ ఎప్పుడూ మెషిన్‌కి దూరంగా చెయ్యండి. ఆ ఇనుప పొడిని ఫ్యాన్ లోపలికి లాక్కుంటే సర్క్యూట్ బోర్డు షార్టవుతుంది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో చూసి 25×25 స్క్వేర్ పైపుతో మొక్కల స్టాండు మొదలుపెట్టాను. మూలల దగ్గర చిల్లులు పడుతున్నాయి. పూడ్చబోతే ఇంకా పెద్దవవుతున్నాయి. అతికించిన ఫ్రేము కూడా నేల మీద పెడితే ఒక కాలు లేస్తోంది. (కరీంనగర్)

జవాబు: కొత్తవాళ్ళు అందరూ స్క్వేర్ పైపుతోనే మొదలుపెడతారు. నిజానికి నేర్చుకోవడానికి అది చెడ్డ సరుకు. ముందు ఒక వారం 5 మి.మీ. పట్టీ ముక్కల మీద చెయ్యి తిప్పి, తర్వాత పైపుకి రండి.

పైపు మందం ముందు తేల్చుకోండి. 16 గేజ్ అంటే 1.6 మి.మీ., 18 గేజ్ అంటే 1.2. దుకాణంలో చెప్పే గేజ్‌ని నమ్మకుండా తూకం వేయించండి. 25×25 పైపు 6 మీటర్ల నిడివి నిజంగా 1.6 అయితే 7 కిలోలు తూగాలి. 1.2 అయితే 5.4 కిలోలు. 4 కిలోలే తూగితే అది మీ చేతిలో కాలిపోవడంలో ఆశ్చర్యం లేదు. స్టాండుకి 16 గేజే తీసుకోండి. వంద, రెండొందలు ఎక్కువైనా పాడుచేసే పైపు తగ్గుతుంది.

రాడ్ 14 నంబర్ (2 మి.మీ.) వాడండి, 40 నుంచి 55 ఆంపులు. అది దొరక్కపోతే 12 నంబర్‌తో 55, 60 దగ్గర నెట్టుకురావచ్చు, అంతకు తగ్గితే రాడ్ అతుక్కుంటుంది. హోల్డర్ కేబుల్‌ను మైనస్‌కి, ఎర్త్‌ను ప్లస్‌కి మార్చండి. 6013 రాడ్ (ఇంటి పనులకు వాడే మామూలు రాడ్) రెండు వైపులా కాలుతుంది. హోల్డర్ మైనస్‌లో ఉంటే లోతు తగ్గుతుంది, పల్చని పైపుకి కావలసింది అదే.

అసలు చిల్లు పడేది సందు వల్ల. పైపు కోత వంకరగా ఉంటే ఒక పక్క తగిలి ఇంకో పక్క రెండు మి.మీ. సందు వస్తుంది. ఆర్క్ ఆ అంచుని తగిలితే వేడి పోవడానికి దారి లేక అంచు కరిగి జారుతుంది. కోశాక మూలమట్టం పెట్టి చూసి, ఆకురాయితోనో గ్రైండర్‌తోనో అంచు సరిచేసి, విజిటింగ్ కార్డు దూరనంతగా కలపండి. వెల్డింగ్‌లో మీరు పెట్టే సమయంలో మూడొంతులు ఇక్కడే పోవాలి.

గీత గీసినట్టు ఒకేసారి లాగకండి. ఒక సెకను చుక్క పెట్టి ఎత్తండి. ఎరుపు తగ్గుతూ ఇంకా కాస్త మెరుస్తున్నప్పుడే, పాత చుక్క మీద సగం పడేట్టు ఇంకో చుక్క. పూర్తిగా నల్లబడనిస్తే మాత్రం చిట్టెం (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టి బ్రష్ చేశాకే మళ్ళీ మొదలెట్టాలి. లేకపోతే చిట్టెం లోపలే ఉండిపోయి అతుకు పైకి బాగున్నట్టు కనబడి చేత్తో వంచితే విడిపోతుంది. ఒక పైపు చివర ఇంకో పైపు పక్కకి తగిలే చోట ఆర్క్‌ను కోసిన అంచు వైపు కాక నిండు పక్క వైపు చూపండి, అంచు దానంతట అదే కరిగి కలుస్తుంది. నిలువు అతుకులకు పల్చని పైపులో పై నుంచి కిందికి రండి. చిట్టెం రాడ్‌ను దాటి ముందుకు జారనంత వేగంగా రావాలి.

చిల్లు పడిపోయిందా, ఆగండి. పూర్తిగా చల్లారనివ్వండి. వెనక చెయ్యి దూరే చోటైతే 3 మి.మీ. రాగి పట్టీని ఆనించండి. కరిగిన ఇనుము రాగికి అంటుకోదు, వేడిని మాత్రం అది లాగేస్తుంది. చిల్లు అంచు చుట్టూ చుక్కలు పేర్చుకుంటూ లోపలికి మూసుకురండి.

ఫ్రేము వంకరపోవడం వేరే విషయం. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుని తన వైపుకి లాగుతుంది. దాన్ని ఆపలేం, రెండో వైపు నుంచి కూడా అంతే లాగించి సరిచేస్తాం. నాలుగు మూలలకూ ముందు టాక్‌లు (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న చుక్కలు) మాత్రమే వేసి కర్ణాలు కొలవండి. 600×900 ఫ్రేముకి రెండు కర్ణాలూ 1082 మి.మీ. రావాలి. రెండు మి.మీ. తేడా ఫర్వాలేదు. ఎక్కువైతే పొడవున్న కర్ణం మూలని నేలకి ఆనించి సుత్తితో తడితే సర్దుకుంటుంది, టాక్ దశలో ఇది సులువు. తర్వాత ఒకటో మూల, దానికి ఎదురుగా మూడోది, ఆపైన రెండు, నాలుగు. మూల మొత్తం ఒక్కసారే పూర్తి చెయ్యకుండా ఒక ముఖం వేసి ఫ్రేము తిప్పి అవతలి ముఖం వెయ్యండి. చదునైన బల్ల లేకపోతే రెండు తిన్నటి యాంగిళ్ళు పక్కపక్కన పెట్టి వాటికి క్లాంపులతో బిగించండి, చల్లారేదాకా విప్పకండి. త్వరగా చల్లారాలని నీళ్ళు పోస్తే ఇంకా మెలి తిరుగుతుంది.

చివర్లో అతుకుని నున్నగా చేసే మోజులో మొత్తం గ్రైండ్ చేసెయ్యకండి. 1.6 పైపు మీద గట్టి గ్రైండింగ్ చక్రం రెండు సార్లు ఆడిస్తే మిగిలేది రేకే. 60 గ్రిట్ ఫ్లాప్ డిస్క్ చాలు. చిట్టెం ఒక్క రవ్వ కూడా లేకుండా తీశాకే రెడాక్సైడ్ వెయ్యండి, చిట్టెం మీద వేసిన రంగు పొలుసులా ఊడిపోతుంది.

ప్రశ్న: పాత బండి పెట్రోల్ ట్యాంకుకి సూదంత చిల్లు. ట్యాంకు ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాను. ఒక్క చుక్క వెల్డింగ్ పెట్టొచ్చా? (నంద్యాల)

జవాబు: వద్దు. కడిగినా మడతల్లో, తుప్పు పొరల్లో పెట్రోల్ మిగిలే ఉంటుంది, వేడికి ఆవిరై బయటికొస్తుంది. పేలేది నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే. పెట్రోల్ తట్టుకునే ఎపాక్సీ పుట్టీ ఆ చిల్లుకి సరిపోతుంది. ఆయిల్, థిన్నర్, పురుగుమందు డబ్బాలకూ డ్రమ్ములకూ ఇదే జవాబు.

ప్రశ్న: గేటుకి 7018 రాడ్ వాడితేనే గట్టిగా ఉంటుందంటున్నారు. నిజమేనా? మా దగ్గర 6013 పాకెట్ విప్పిన పది రోజులకే రాడ్లు చిటపటలాడుతూ అతుకులో సూది బెజ్జాలు వస్తున్నాయి. (విశాఖపట్నం)

జవాబు: మొదటి రెండంకెలు అతుకు లోహం బలం. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు, సుమారు 415 మెగాపాస్కల్. 70 అంటే 485 దాకా. మీ గేటు యాంగిల్ మామూలు మైల్డ్ స్టీల్. ఐఎస్ 2062లోని ఈ250 రకానికి ఉండాల్సిన కనీస బలం 410. అంటే 6013 అతుకు ఇనుముతో సమంగా నిలుస్తుంది. గేటు విరిగితే రాడ్ నంబర్ వల్ల విరగదు, లోపల మిగిలిన చిట్టెం వల్లో, అతుకు ఒక పక్కే పట్టడం వల్లో విరుగుతుంది.

7018 మంచి రాడ్డే, కానీ తేమకి ఓర్వదు. విప్పిన పాకెట్‌ని మళ్ళీ వాడాలంటే 300, 350 డిగ్రీల్లో గంటో రెండు గంటలో కాల్చాలి. ఇళ్ళలో ఉండే ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది. చవక ఇన్వర్టర్లలో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (రాడ్ కాలనప్పుడు ఉండే వోల్టేజి) తక్కువైతే ఆ రాడ్ రెండోసారి వెలిగించడం కూడా ఓ తంటా. ఇంటి పనికి దాన్ని పక్కన పెట్టండి.

మీ 6013 రాడ్లకి మందు 100 నుంచి 120 డిగ్రీల్లో ఒక గంట. అంతకు మించి కాలిస్తే పూతకి కావలసిన కాస్త తేమా పోయి ఆర్క్ పాడవుతుంది. వంటకి వాడని పాత ఓవెన్ ఉంటే మేలు. పూత మీద తెల్లటి బూజులాంటి పొడి కనబడినా, వేలితో గీస్తే రాలుతున్నా ఆ రాడ్లు పారెయ్యండి. నిలవకి 4 అంగుళాల పీవీసీ పైపు 40 సెం.మీ. ముక్క, రెండు వైపులా మూతలు, లోపల సిలికా జెల్. 35 సెం.మీ. రాడ్లు చక్కగా పడతాయి. రాడ్‌ను ఇనుముకి అతికించి ఎర్రగా అయ్యేదాకా పట్టుకుని ఆరబెట్టే పద్ధతి ఒకటుంది. అలా చేస్తే పూత పగులుతుంది, మెషిన్ కూడా వేడెక్కుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి పక్కన నిలబడి చూశాడు. రాత్రి పన్నెండింటికి కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడుపు. బంగాళదుంప చెక్కలు పెట్టాం. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే చాలదా? పొగకి పాలు తాగాలా, బెల్లం తినాలా? (సూర్యాపేట)

జవాబు: బాబుకి జరిగింది కంటి పైపొర ఎండకి కమిలినట్టు కమలడం. అతినీలలోహిత కాంతి దెబ్బ అప్పుడే తెలియదు, ఆరేడు గంటల తర్వాత తెలుస్తుంది. అందుకే అర్ధరాత్రి మొదలవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. చల్లటి శుభ్రమైన తడిగుడ్డ కళ్ళ మీద వేసి చీకటి గదిలో పడుకోబెట్టి, తెల్లారగానే కంటి డాక్టరుకి చూపించండి. కంట్లో బంగాళదుంప రసం, తల్లిపాలు వెయ్యకండి, దెబ్బతిన్న పొర మీద చీము పట్టే ప్రమాదం ఉంది. నొప్పి తెలియకుండా చేసే చుక్కలు కొనుక్కొచ్చి పదేపదే వేసినా పొర మానదు.

ఎండ అద్దాలు దేనికీ చాలవు. 60 నుంచి 160 ఆంపుల దాకా 10 నంబర్ అద్దం వాడండి, వెలుగు ఎక్కువనిపిస్తే 11. ఆటోమేటిక్ హెల్మెట్ అయితే వాడే ముందు ఎండ వైపు తిప్పి నల్లబడుతోందో లేదో చూసుకోండి. చూసేవాళ్ళకీ అదే నియమం, లేకపోతే లోపలికి పంపెయ్యండి. తెల్ల సున్నం గోడ కాంతిని పక్క నుంచి హెల్మెట్ లోపలికి తిప్పికొడుతుంది. మామూలు దుప్పటి కాదు, మందపాటి కాన్వాసు తెర కట్టండి. ఒంటి మీద నిండు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, బూట్లు. లుంగీ, హవాయి చెప్పులు, పాలియెస్టర్ టీషర్టు వద్దు, పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. చెమటతో తడిసిన చేతి తొడుగులు మార్చండి. రాడ్ కాలనప్పుడు హోల్డర్‌లో 60, 70 వోల్టులు ఉంటుంది, తడి చేతికి అది తక్కువేం కాదు.

పాలు, బెల్లం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవు. పొగని కట్టడి చేసేది గాలి మాత్రమే. తలని పొగకి పక్కగా పెట్టుకోండి, వెనక నుంచి ఫ్యాన్ మెల్లగా తిరగనివ్వండి. జీఐ పైపు వెల్డింగ్ చేస్తే మాత్రం జాగ్రత్త పెంచాలి. పైన ఉన్న జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్ల పొగవుతుంది. పీల్చిన కొన్ని గంటలకి చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహం రుచి. అతుకుకి రెండు వైపులా రెండంగుళాల దాకా పూత గ్రైండ్ చేసి తీసెయ్యండి, ఆ పొడికీ పొగకీ ఎన్95 లాంటి మాస్కు పెట్టుకోండి. బ్రేక్ క్లీనర్ లాంటి క్లోరిన్ ద్రావకంతో తుడిచిన ఇనుముని మాత్రం వెల్డింగ్ చెయ్యనే వద్దు. ఆర్క్ కాంతికి దాని ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువవుతుంది.

ప్రశ్న: బీఎస్6 బైకు సైడ్ స్టాండు విరిగింది. బండి మీదే వెల్డింగ్ చెయ్యొచ్చా? (హైదరాబాద్)

జవాబు: స్టాండు విప్పి కింద పెట్టి చెయ్యడం నయం. 2020 ఏప్రిల్ తర్వాతి బళ్ళలో ఇంజనును నడిపే కంప్యూటర్ ఉంటుంది. విప్పలేకపోతే బ్యాటరీ మైనస్ తీసి, ఆ కంప్యూటర్ ప్లగ్గు కూడా ఊడదీసి, ఎర్త్ క్లాంపు అతుకుకి నాలుగు అంగుళాల లోపు పెట్టండి. క్లాంపు చక్రానికి పెడితే కరెంటు బేరింగుల గుండా వెళ్ళి గోళీలకి గుంటలు పెడుతుంది.

ప్రశ్న: గ్యాస్ లేని మిగ్ మెషిన్ (రాడ్ బదులు తీగ దానంతట అదే వచ్చేది) తెచ్చుకున్నాను. రవ్వలే తప్ప అతుకు లేదు. (నిజామాబాద్)

జవాబు: పక్క తలుపు తీసి చూడండి. ఫ్లక్స్ (గ్యాస్ బదులు అతుకుని కాపాడే పొడి) నింపిన తీగకి టార్చ్ మైనస్‌లో ఉండాలి, ఎర్త్ ప్లస్‌లో. మామూలు తీగకీ గ్యాస్‌కీ దీనికి తిరగేసి ఉండాలి. కొన్ని మెషిన్లు ఆ రెండో పద్ధతిలో బిగించి వస్తాయి. తీగ నడిపే చక్రం కూడా ఫ్లక్స్ తీగకి గరుకు గాడిది ఉండాలి, మరీ బిగిస్తే గొట్టం లాంటి ఆ తీగ నలిగిపోతుంది.

ప్రశ్న: ఇక్కడ గ్యారేజీలో 120 వోల్టులే. హైదరాబాద్ నుంచి మెషిన్ తెచ్చుకుంటే పనికొస్తుందా? (డల్లాస్)

జవాబు: 230 వోల్టుల మెషిన్ 120 మీద నడవదు. మీ ఇంట్లో బట్టల డ్రయ్యర్‌కి 240 వోల్టులు ఉంటుంది, దాని మీద నడవొచ్చు గానీ బరువు మోసుకెళ్ళడం దండగ. అక్కడ 120, 240 రెండింటి మీదా పనిచేసే ఇన్వర్టర్లు సులువుగా దొరుకుతాయి. 120 వోల్టుల 20 ఆంపుల సాకెట్ మీద 70, 75 ఆంపుల దాకా వస్తుంది. అక్కడ 3/32 అని అమ్మే రాడ్ ఇంచుమించు మన 12 నంబర్, 1/8 మన 10 నంబర్.

ప్రశ్న: అమ్మమ్మ కుట్టుమిషన్ పోతఇనుము స్టాండు కాలు విరిగింది. మామూలు రాడ్‌తో అతికిస్తే పక్కనే టప్పుమని పగిలింది. (తెనాలి)

జవాబు: పోతఇనుములో కార్బన్ రెండు శాతానికి మించి ఉంటుంది. మామూలు రాడ్‌తో కరిగి చల్లారిన పట్టీ గాజులా పెళుసవుతుంది, కుంచించుకునే లాగుడుకి అంచున పగులుతుంది. దీనికి నికెల్ రాడ్ కావాలి, విడిగా రెండు మూడు కూడా అమ్ముతారు. వేసిన పాత లోహం మొత్తం గ్రైండ్ చెయ్యండి. పగులు ఎక్కడితో ఆగిందో అక్కడ 3 మి.మీ. బెజ్జం వేస్తే అది ముందుకి పాకదు. అతుకు పొడవునా వి ఆకారంలో గాడి తీసి, 2.5 మి.మీ. రాడ్‌తో 60 నుంచి 75 ఆంపుల మీద ఒక అంగుళం మాత్రమే వెయ్యండి. ఎర్రగా ఉండగానే గుండ్రటి మొన సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యండి, లాగుడు సడలుతుంది. చెయ్యి ఆనించి పెట్టగలిగేంత చల్లారాకే ఇంకో అంగుళం, అదీ దూరంగా వేరే చోట. అయిపోయాక ఆ కాలుని పొడి బూడిదలోనో ఇసుకలోనో పూడ్చి మర్నాడు తియ్యండి.

పూల పని ఉన్న పల్చని చోట విరిగితే మాత్రం ఆర్క్ వద్దు. గ్యాస్ వెల్డింగ్ దుకాణంలో ఇత్తడి రాడ్‌తో బ్రేజింగ్ చేయించండి. లేదంటే కాలు లోపలి వైపు 5 మి.మీ. పట్టీ పెట్టి, విరుపుకి రెండు వైపులా రెండేసి 6 మి.మీ. బోల్టులు బిగించండి. బెజ్జాలు అంచు నుంచి అర అంగుళం లోపలికి ఉండాలి.